పాత ఫ్లాటు దస్తావేజులో భవనం ఏది?

తెలంగాణ రాష్ట్ర రెవెన్యూ, గృహనిర్మాణ, స్టాంపులు–రిజిస్ట్రేషన్ల శాఖల మంత్రి శ్రీ పొంగులేటి శ్రీనివాసరెడ్డి గారికి,



పాత ఫ్లాట్లకు స్టాంపు డ్యూటీ తగ్గించాలన్న మాట కొంతకాలంగా వినిపిస్తోంది. కొత్త ఫ్లాటు దగ్గరా, ముప్పై ఏళ్ల కిందటి ఫ్లాటు దగ్గరా ఒకే శాతం వసూలు చేయడం సబబు కాదన్న వాదనతో నాకు పేచీ లేదు. తగ్గించండి. అయితే తగ్గింపు కన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. పాత ఫ్లాటు కొనేవాళ్లు నాలుగు గోడలకు దస్తావేజు రాయించుకుంటున్నారు గానీ, ఆ గోడలను మోస్తున్న భవనం సంగతి ఏ కాగితంలోనూ ఉండటం లేదు. భవనం వయసెంత, మంజూరైన అంతస్తులెన్ని, కట్టినవెన్ని, మరమ్మతులకు అసోసియేషన్ దగ్గర డబ్బుందా, ఆ ఫ్లాటు మీద మెయింటెనెన్స్ బకాయి ఉందా అన్న వివరాలు అమ్మకం రోజున దస్తావేజుకు జతపడాలి. అది అడగడానికే ఈ లేఖ. హైదరాబాద్ అంతా తిరగకుండా అమీర్‌పేట, పంజాగుట్టలనే ఉదాహరణగా తీసుకుంటాను. పెట్టుబడి కోసం పాత ఫ్లాటు కొనమనే సలహా ఎక్కువగా వినపడేది అక్కడే.

ఆ సలహా ఇచ్చేవాళ్లు చెప్పేవన్నీ కట్టుకథలు కావు. 2017 నవంబర్‌లో మియాపూర్–నాగోల్ మెట్రో నడిచింది. 2018 సెప్టెంబర్‌లో పంజాగుట్ట మీదుగా ఎల్బీనగర్ దాకా, 2019 మార్చిలో హైటెక్ సిటీ దాకా రైళ్లు వచ్చాయి. ఎరుపు, నీలం లైన్లు కలుసుకునేది అమీర్‌పేటలోనే. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టూ ఉన్న శిక్షణ కేంద్రాలకు రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ పిల్లలు వస్తారు. నిమ్స్ ఆసుపత్రి సిబ్బందికీ, అక్కడికి వచ్చే రోగుల వెంట ఉండేవాళ్లకూ దగ్గర్లో గది కావాలి. కోకాపేట టవర్లో ఫ్లాటు బుక్ చేస్తే తాళంచెవి చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. ద్వారకాపురి కాలనీలోనో, ధరమ్ కరమ్ రోడ్డు పక్క సందులోనో, ఎల్లారెడ్డిగూడలోనో పాతది కొంటే వచ్చే నెల నుంచే అద్దె. పైగా టవర్ల కన్నా ఇక్కడ యూడీఎస్ ఎక్కువంటారు. విభజించని స్థలంలో ఫ్లాటుకు వచ్చే ఆ వాటాయే ఈ బేరాలన్నిటికీ ఆయువుపట్టు కాబట్టి దాని దగ్గరికి వస్తాను. ముందు అద్దె లెక్క చూద్దాం.

లెక్క కోసం ఫ్లాటు ధర 60 లక్షలనీ, అద్దె నెలకు 18 వేలనీ అనుకుందాం. స్టాంపు డ్యూటీ 5.5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 0.5 శాతం, మొత్తం 7.5 శాతం. అసలు ధరకే దస్తావేజు రాసుకునేంత నిజాయితీ ఇరువైపులా ఉంటే నాలుగున్నర లక్షలు. ఏడాది అద్దె 2,16,000 రూపాయలు. అంటే మొదటి రెండేళ్ల అద్దె దాదాపు మీ శాఖకు కట్టినదానికి సరిపోతుంది. ఆ తర్వాత వచ్చేది ఏడాదికి 3.6 శాతం. అందులోంచే ఆస్తి పన్ను, రంగులు, ఖాళీగా ఉన్న నెలలు, కుళాయి నుంచి కరెంటు మీటరు దాకా చిల్లర మరమ్మతులు పోవాలి. హాస్టల్‌కు ఇస్తే అద్దె ఎక్కువ వస్తుందన్నది నిజమే. నలుగురి కోసం కట్టిన బాత్‌రూమును పన్నెండుమంది వాడితే కింది అంతస్తు స్లాబు ఏమవుతుందో ఆ ఇంటివాళ్లను అడగాలి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే హాస్టళ్లు ఖాళీ చేయించడంతో, సొంతూళ్లకు వెళ్లే అనుమతి కోసం పిల్లలు పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరిన సంగతి ఇంకా ఎవరూ మరిచిపోలేదు. ఒకే రకం కిరాయిదారుల మీద ఆధారపడ్డ పేట ఒక్క రాత్రిలో ఖాళీ అయింది. ఇదంతా తెలిసినవాళ్లు కూడా కొంటున్నారంటే అద్దె చూసి కాదు. భవనం పాతబడినా గజం పాతబడదన్న ధీమాతో కొంటున్నారు.

ఆ ధీమాను కాస్త తరచి చూడాలి. 600 గజాల్లో అంతస్తుకు మూడు చొప్పున పదిహేను ఫ్లాట్లు ఉన్నాయనుకుంటే ఒక్కో ఫ్లాటుకు 40 గజాలు. చుట్టుపక్కల గజం ధరతో హెచ్చవేస్తే ఫ్లాటు ధర కన్నా పెద్ద అంకె వస్తుంది. అమ్మేవాళ్లు ఆ అంకె చూపించి, రేపో మాపో ఎవరో బిల్డర్ వచ్చి పడగొట్టి కట్టిస్తాడంటారు. సగం సగం ఒప్పందాలకు అలవాటుపడ్డ ఊరు మనది. పదిహేనుమందికి పాత కొలతల ఫ్లాట్లు తిరిగి ఇచ్చి, తనకు మరో పదిహేను మిగలాలంటే బిల్డర్ అదే 600 గజాల్లో ముప్పై కట్టాలి. 2006 మార్చిలో వచ్చిన జీవో 86 నుంచి మనకు ఎఫ్ఎస్ఐ పరిమితి, అంటే స్థలానికి ఇన్ని రెట్లకు మించి కట్టకూడదన్న హద్దు, లేదు కదా, ఎంతైనా కట్టొచ్చు కదా అనిపిస్తుంది. కానీ ఆ జీవోలోనూ, దాని స్థానంలో 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168లోనూ ఎత్తును తేల్చేది ముందున్న రోడ్డు వెడల్పు, స్థలం విస్తీర్ణం. ఎత్తు పెరిగేకొద్దీ చుట్టూ వదలాల్సిన ఖాళీ పెరుగుతుంది. జీవో 168 తెచ్చినప్పటి నిబంధన ప్రకారం 18 మీటర్లు, ఆపైన కట్టాలంటే కనీసం 12 మీటర్ల రోడ్డు, 2,000 చదరపు మీటర్ల స్థలం ఉండాలి. మన 600 గజాలు 500 చదరపు మీటర్లు మాత్రమే. 1980లలో, 90లలో ప్రహరీకి ఆనుకునేలా కట్టి, పైన ఒక పెంట్‌హౌస్ తగిలించిన భవనాన్ని పడగొట్టి నేటి నిబంధనల ప్రకారం కడితే రెట్టింపు మాట దేవుడెరుగు, ఉన్న విస్తీర్ణం తిరిగి వస్తే గొప్ప. మెట్రో స్తంభాల పక్కన పెద్ద రోడ్డు మీద ఎకరా, అరెకరా స్థలాలున్నవాళ్ల లెక్క వేరు. లోపలి సందుల్లో 40 గజాల వాటా అన్నది కాగితం మీద విలువ. దాన్ని రొక్కం చేసే దారి చాలా భవనాలకు లేదు.

దారి ఉన్నచోట సంతకాలు దొరకవు. గుజరాత్ పాతికేళ్లు దాటిన భవనాలకు 75 శాతం యజమానులు ఒప్పుకుంటే పునర్నిర్మాణం చేపట్టవచ్చని చట్టం సవరించింది. మహారాష్ట్రలో హౌసింగ్ సొసైటీలకు 51 శాతం చాలు. తమిళనాడు 2022 నాటి అపార్టుమెంట్ యాజమాన్య చట్టంలో మూడింట రెండు వంతులు చాలన్నది. మన దగ్గర స్థలం అందరి ఉమ్మడి ఆస్తి కాబట్టి ఆచరణలో అందరూ సంతకం పెట్టాల్సిందే. పదిహేనుమందిలో ఒకరు డల్లాస్‌లో ఉంటారు, ఒకరు పోయి వారసులు కోర్టులో ఉంటారు, ఒకరికి తన ఫ్లాటు బ్రహ్మాండంగా ఉందన్న నమ్మకం. ఈ చట్టం మార్చడం మీ ఒక్కరి చేతిలోని పని కాదని తెలుసు కాబట్టి దాన్ని ఇక్కడితో వదిలేస్తాను.

పాత ఫ్లాట్ల బేరం పెద్ద ఎత్తున సాగే దేశం జపాన్. అక్కడి అనుభవం మనకు రెండు వైపులా పనికొస్తుంది. 2023 చివరికి ఆ దేశంలో 70 లక్షలకు పైగా అపార్టుమెంట్ ఫ్లాట్లుంటే, వాటిలో సుమారు 13 లక్షల 70 వేలు నలభై ఏళ్లు దాటినవి. పునర్నిర్మాణం పూర్తయిన భవనాలు మాత్రం దేశమంతటా కలిపి మూడు వందలకు అటూ ఇటూ. ఐదింట నాలుగు వంతుల ఓట్లు కావాలన్న నిబంధన ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, అదనపు విస్తీర్ణం అమ్ముకునే వీలు లేనిచోట ఖర్చు యజమానులే భరించాలి. భూకంపానికి తట్టుకోలేని భవనాల వంటి కొన్నిటికి ఓట్లను నాలుగింట మూడు వంతులకు తగ్గిస్తూ 2025లో చట్టం సవరించారు. ఓట్లు తగ్గితే విస్తీర్ణం పెరగదు కదా. పడగొట్టి కట్టడం అరుదన్న నిజాన్ని ఆ దేశం ముందే ఒప్పుకుని, ఉన్న భవనాన్ని నిలబెట్టడం మీద దృష్టి పెట్టింది. ప్రతి ఫ్లాటు నుంచీ నెలనెలా మరమ్మతు నిధికి వేరుగా వసూలు చేస్తారు. 2023 ప్రభుత్వ సర్వేలో అది సగటున 13 వేల యెన్లు. అమ్మకం ఒప్పందానికి ముందు లైసెన్సున్న ఏజెంటు కొనేవారికి ముఖ్యమైన విషయాలన్నీ రాతపూర్వకంగా ఇచ్చి వివరించాలి. నిధిలో ఎంత పోగుపడింది, అమ్మేవారి బకాయి ఎంత అన్నవి అందులో ఉంటాయి. ఎందుకంటే పాత యజమాని ఎగ్గొట్టిన బకాయిని కొత్త యజమాని దగ్గర కూడా వసూలు చేసుకోవచ్చని అక్కడి చట్టం చెబుతుంది.

అదేదో స్వర్గమని నేననను. అదే సర్వేలో మూడో వంతుకు పైగా భవనాల నిధి, అవి వేసుకున్న ప్రణాళికకు చాలడం లేదని తేలింది. నీగాతా జిల్లాలో మంచు ఆటల ఊరు యుజావాలో పెట్టుబడి కోసమే కొన్న ఫ్లాట్లు లక్ష యెన్లకు, అంటే మన అరవై వేల రూపాయలకు కాస్త అటూ ఇటూగా అమ్మకానికి కనిపిస్తాయి. నెలనెలా కట్టాల్సిన రుసుములు ఫ్లాటు విలువను తినేశాయి. ఉండేవాళ్లు తక్కువై, కొని వదిలేసినవాళ్లు ఎక్కువైన భవనం గతి అదే. కానీ అక్కడ ఆ చవక ధర చూసినవాడికి అది ఎందుకు చవకో కాగితం మీద కనపడుతుంది. అమీర్‌పేటలో చవక ఫ్లాటు చూసినవాడికి ఎవరు చెబుతారు?

మన అసోసియేషన్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. నెలవారీ మెయింటెనెన్స్ వాచ్‌మన్ జీతానికీ, మోటారు కరెంటు బిల్లుకీ, లిఫ్టు సర్వీసుకీ, ఎండాకాలం ట్యాంకర్లకీ పోతుంది. పెచ్చులూడిన బాల్కనీకో, తుప్పుపట్టిన చువ్వలకో, కారుతున్న డ్రైనేజీ పైపుకో డబ్బు కావాల్సి వస్తే అప్పటికప్పుడు తలా ఇంత వేసుకోవాలి. అద్దెకిచ్చి దూరంగా ఉన్న యజమాని ఆ ఫోను ఎత్తడు. 1987 నాటి అపార్టుమెంట్ల చట్టం ఉన్నా దాని సంగతి తెలిసినవాళ్లు తక్కువ, అడిగేవాళ్లు ఇంకా తక్కువ. స్థిరాస్తి నియంత్రణ చట్టం రెరా 2016లో వచ్చింది. మన రాష్ట్రంలో 2017 జనవరి 1, ఆ తర్వాత అనుమతి తీసుకున్న ప్రాజెక్టులకే వర్తిస్తుంది. అందులో బిల్డర్ మీద పెట్టిన నిర్మాణ లోపాల బాధ్యత కూడా ఫ్లాటు అప్పగించాక ఐదేళ్లే. అంటే కొత్త ఫ్లాటు కొనేవారికి రెరా వెబ్‌సైటులో అనుమతి పత్రాలు దొరుకుతాయి, ముప్పై ఏళ్ల ఫ్లాటు కొనేవారికి, అసలు సమాచారం అవసరమైనవారికి, అమ్మేవారి మాటే దిక్కు. అప్పు తీసుకుంటే బ్యాంకు తరఫు ఇంజనీరు భవనం మిగిలిన ఆయుష్షు అంచనా వేస్తాడు. ఆ నివేదిక బ్యాంకు తన జాగ్రత్త కోసం రాయించుకున్నది. దాచుకున్న డబ్బుతో కొనే రిటైర్డు ఉద్యోగికి అదీ లేదు.

భవనం సంగతి తెలియకపోతే పోయేది డబ్బే కాదు. 2023 నవంబర్‌లో నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్టుమెంటు కింది భాగంలో నిల్వ చేసిన రసాయనాలు అంటుకుని కనీసం తొమ్మిదిమంది చనిపోయారు. వాహనాలుండాల్సిన చోట ఏం పెడుతున్నారన్నది పై ఫ్లాటు కొనేవారి ప్రాణానికి సంబంధించిన విషయం. స్టిల్ట్ పార్కింగ్ ఉమ్మడి ఆస్తి, బిల్డర్ విడిగా అమ్మకూడదు అని సుప్రీంకోర్టు 2010లో ఒక ముంబయి కేసులో తేల్చింది. మన పాత భవనాల్లో ఎవరి కారు ఎక్కడన్నది మాత్రం నేటికీ వాచ్‌మన్ నోటిమాట మీద నడుస్తోంది.

ఇక మీ శాఖ వైపు వస్తాను. కార్డ్ పేరుతో రిజిస్ట్రేషన్లను కంప్యూటర్లకు ఎక్కించడం మొదలుపెట్టింది 1998లో. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఈరోజు ఇంట్లో కూర్చుని 1983 నుంచీ చూసుకోవచ్చు. ఆ ఈసీ ఫలానా ఫ్లాటు ఎవరెవరి చేతులు మారింది, ఏ బ్యాంకుకు తాకట్టు ఉంది చెబుతుంది. అదే స్థలంలో మిగతా పద్నాలుగు ఫ్లాట్లకు ఎన్ని గజాలు రాశారో కలిపి చెప్పదు. పై పెంట్‌హౌస్‌కు తర్వాత రాసిన వాటా కూడా కలిపితే 600 గజాల స్థలంలో 660 గజాలు అమ్ముడైన సందర్భం ఉంటే, అందరి 40 గజాల్లోనూ కోత పడ్డట్టే. ఒక భవనం దస్తావేజులన్నీ మీ దగ్గరే ఉన్నాయి. వాటి షెడ్యూళ్లలో రాసిన గజాలు కూడితే తేలిపోతుంది. ఇందుకు ఎవరి అనుమతీ, ఏ అసోసియేషన్ సహకారమూ అక్కర్లేదు. మిగిలిన వివరాలు అమ్మేవారు ఒక పేజీలో ప్రకటించాలి: మున్సిపల్ అనుమతి నంబరు, సంవత్సరం, మంజూరైన అంతస్తులు, ఉన్న అంతస్తులు, అసోసియేషన్ రిజిస్ట్రేషన్ నంబరు, దాని ఖాతాలో మరమ్మతుల కోసం ఉన్న నిల్వ, ఈ ఫ్లాటు బకాయి, చివరిసారి జరిగిన పెద్ద మరమ్మతు. తెలియనిచోట తెలియదని రాయాలి. ఆ ఒక్క మాట కూడా కొనేవారికి చాలా చెబుతుంది.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో మొదటిది, మరో కాగితం అంటే మరో బల్లకింద చెయ్యి అని. నిజమైన భయం. అందుకే సబ్ రిజిస్ట్రార్ ఈ పేజీని పరిశీలించి ఆమోదించే పద్ధతి వద్దు. అమ్మేవారి సంతకంతో ఉన్నది ఉన్నట్టు జతచేసి స్కాన్ చేస్తే చాలు. అబద్ధమైతే రేపు కోర్టులో అదే సాక్ష్యం. అధికారికి విచక్షణ లేనిచోట బేరానికీ చోటుండదు.

రెండోది బరువైనది. అదనపు అంతస్తు ఉన్న భవనాల్లో ఫ్లాట్లు కొన్నవాళ్లు ఇరుక్కుపోతారని. 2015లో తెచ్చిన భవనాల క్రమబద్ధీకరణ పథకం (బీఆర్ఎస్) కింద దరఖాస్తు పెట్టుకుని కోర్టు వ్యాజ్యాల మధ్య ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నవాళ్లు ఉన్నారు. 2020 ఆగస్టులో అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఒక్కసారిగా ఆపినప్పుడు ఏం జరిగిందో మీకు తెలుసు. బిల్డర్ చేసిన తప్పుకు చివరి కొనుగోలుదారు శిక్ష అనుభవించాడు, డిసెంబర్‌లో సడలించక తప్పలేదు. కాబట్టి నేను కోరుతున్నది ఆపమని కాదు. రిజిస్ట్రేషన్ జరగాలి, భవనం సంగతి ఆ దస్తావేజులో కనపడాలి. అదనపు అంతస్తు ఉందని తెలిసి, ధర తగ్గించుకుని కొనే హక్కు కొనేవారికి ఉంది.

మూడోది, పాత ఫ్లాట్ల ధరలు పడిపోతాయని. కొన్నిటికి పడతాయి. పంజాగుట్టలో ముప్పై ఏళ్లుగా ఒకే ఫ్లాటును నమ్ముకున్న వృద్ధ దంపతులకు అది నష్టమేననీ ఒప్పుకుంటాను. అయితే నేడు సంపు కడిగించి, స్లాబుకు వాటర్‌ప్రూఫింగ్ చేయించి, నిధి పోగుచేసుకున్న భవనంలోని ఫ్లాటుకూ, పక్కన పెచ్చులూడుతున్న భవనంలోని ఫ్లాటుకూ చదరపు అడుగు ధర ఇంచుమించు ఒకటే పలుకుతోంది. బాగు చేసుకున్నవారికి దక్కాల్సిన విలువ బాగు చేసుకోనివారికి పోతోంది. ఆ దంపతుల భవనం బాగుంటే వాళ్లకు రెండు రూపాయలు ఎక్కువే వస్తాయి. బాగోకపోతే, ఆ నష్టం ఇప్పటికే ఉంది. ఎవరి నెత్తిన పడుతుందన్నదే తేలాలి.

జపాన్‌కు భూకంపాలున్నాయి, మనది రాతి నేల, మనకెందుకీ జాగ్రత్తలన్నీ అనేవాళ్లూ ఉంటారు. హైదరాబాద్ భూకంప ప్రమాదం తక్కువున్న ప్రాంతమే. ఇక్కడ భవనాన్ని తినేది నీరు. పై ట్యాంకు నుంచి, బాత్‌రూము నుంచి, వర్షాకాలం డాబా నుంచి దిగి చువ్వల దాకా చేరే నీరు ఏ నేలనూ అడగదు.

స్టాంపు డ్యూటీ తగ్గింపునూ దీనితో ముడిపెట్టమని నా సూచన. భవనం వయసు చూసి అందరికీ తగ్గిస్తే ఆ మినహాయింపు మర్నాటికల్లా అమ్మేవారి ధరలో కలిసిపోతుంది. ఈ పేజీ పూర్తిగా నింపి, మరమ్మతు నిధి ఖాతా చూపిన భవనాల్లోని ఫ్లాట్లకే తగ్గించండి. మీ శాఖ ఎన్ని నోటీసులిచ్చినా తెరవని ఖాతాను, అమ్ముకోవాలనుకున్న ఒక్క యజమాని అసోసియేషన్ సమావేశంలో పట్టుబట్టి తెరిపిస్తాడు.

2025 ఏప్రిల్‌లో స్లాట్ బుకింగ్‌ను కూడా కొన్ని కార్యాలయాల్లోనే మొదలుపెట్టారు. ఇదీ అలాగే ఎస్.ఆర్. నగర్ సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంతో మొదలుపెట్టవచ్చు. పాత అపార్టుమెంట్ల మళ్లీ అమ్మకాలకు అక్కడ కొదవ లేదు. మొదటి విడతలో ఒక్క కూడిక చాలు: భవనం ఉన్న స్థలం మొత్తం ఎన్ని గజాలు, ఇంతవరకు దస్తావేజుల్లో రాసిచ్చిన వాటాలన్నీ కలిపితే ఎన్ని గజాలు. ఈ రెండు అంకెలూ ఈసీలో కింద అచ్చువేయించండి.

నమస్సులతో,
పాత ఫ్లాటు కొనేవారి తరఫున
ఒక పౌరుడు